మూడు బసలు, మూడు పరుపులు

బయల్దేరే ముందు నుంచే మా ఇంట్లో ఒక పంచాయితీ నడుస్తోంది. పరుపు మార్చాలా, ఉన్నదాని మీద టాపర్, అంటే పరుపు పైన పరిచే పలచటి మెత్త, పరిస్తే సరిపోతుందా అని. మావారు వెల్లకిలా పడుకుంటారు, నేను పక్కకు తిరిగి పడుకుంటాను. ఆయనకు హాయిగా ఉన్న పరుపు మీద నాకు తెల్లారేసరికి భుజం తిమ్మిరెక్కుతుంది. అందుకే ఈ ఐదు రాత్రుల ప్రయాణంలో చూసిన చోట్ల కంటే పడుకున్న పక్కల గురించే ఎక్కువ రాసుకున్నాను.

మొదటి రెండు రాత్రులూ పెద్ద హోటల్లో. మల్లెపువ్వులాంటి దుప్పటి, మనిషికి రెండేసి దిండ్లు, కూర్చోగానే లోపలికి దిగిపోయే మెత్తదనం. పడుకోగానే స్వర్గం అనిపించింది. అర్ధరాత్రికి ఇద్దరం దొర్లుకుంటూ మంచం మధ్యకు చేరాం. పొద్దున మావారు నడుం పట్టుకుని లేచారు, నాకేమో మెడ పట్టేసింది. దుప్పటి ఎత్తి చూస్తే తెలిసింది, పైన టాపర్ కొత్తదే, కింద స్ప్రింగ్ పరుపు మధ్యలో గుంట పడింది. ఫోన్ చేస్తే పది నిమిషాల్లో ఇంకో టాపర్ తెచ్చి పరిచారు, సేవకు వంక పెట్టలేం. కానీ రెండో రాత్రి ఇంకా అన్యాయం. టాపర్ గుంటను పూడ్చదు, గుంటలోకి తనూ ఒంగుతుంది. అది తెలుసుకోవడానికి నాకు రెండు రాత్రుల నిద్ర ఖర్చయింది.

తర్వాత రెండు రాత్రులూ పాత లాడ్జిలో. గది ఇరుకు, బాత్రూం తలుపు సరిగ్గా పడదు, ఆ సంగతి వదిలేద్దాం. పరుపు కొబ్బరి పీచుది, నాలుగంగుళాలు ఉంటుందేమో, బల్లలా ఉంది. మావారు రెండు నిమిషాల్లో గురక. పక్కకు తిరిగితే బరువంతా భుజం మీద, తుంటి మీద పడుతుంది. పరుపు ఆ రెండు చోట్లా కాస్త లోపలికి దిగనిస్తేనే నడుం కింద ఖాళీ లేకుండా వెన్ను తిన్నగా ఉంటుంది. ఇదేమో ససేమిరా దిగదు. రెండు రజాయిలు అడిగితే లాడ్జి నడిపే పెద్దావిడ "గట్టి పరుపే ఆరోగ్యం కదమ్మా" అంటూనే ఇచ్చింది. మడిచి భుజం నుంచి మోకాళ్ల దాకా నా వైపు పరుచుకున్నాను. యాత్ర మొత్తంలో బాగా నిద్రపట్టింది ఆ రెండు రాత్రులే. కింద పరుపు సమంగా, గట్టిగా ఉంటే పైన రెండంగుళాల మెత్తదనం చాలు.

ఆవిడ మాట నేనూ చిన్నప్పటి నుంచి విన్నదే. కానీ 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన స్పెయిన్ పరిశోధన వేరే చెప్పింది. చాలాకాలంగా నడుం నొప్పి ఉన్న 313 మందిలో కొందరికి గట్టి పరుపు, కొందరికి మధ్యస్థంగా గట్టిగా ఉండేది ఇచ్చి 90 రోజులు చూస్తే, రెండో రకం వాళ్లకే నొప్పి ఎక్కువ తగ్గింది. అన్నట్టు, వాళ్ల కొలతలో 1 అంటే అన్నిటికంటే గట్టిది, 10 మెత్తది. అమ్మేవాళ్లలో చాలామంది దీన్ని తిరగేసి వాడతారు. "నాది ఆరు" అంటే ఏ కొలతలో ఆరో అడగాల్సిందే.

హోటల్లో మెడ ఎందుకు పట్టిందో కూడా ఈ లాడ్జిలోనే అర్థమైంది. గట్టి పరుపు మీద పక్కకు పడుకుంటే చెవికీ పరుపుకీ మధ్య దూరం ఎక్కువ, ఎత్తు దిండు కావాలి. మెత్తటి దాంట్లో భుజం దిగిపోతుంది కాబట్టి అదే దిండు తలను పైకి నెట్టేస్తుంది.

చివరి రాత్రి కొండ మీద గెస్ట్‌హౌస్. కిటికీలోంచి చూస్తే కళ్లు తిప్పుకోలేం. మెమరీ ఫోమ్ పరుపు అని యజమాని గర్వంగా చెప్పాడు. ఆ ఫోమ్ 1966లో నాసా కోసం, విమానం సీట్ల మెత్తల కోసం పుట్టింది. వేడి తగిలితే మెత్తబడటం, చలికి బిగుసుకోవడం దాని గుణం. హీటర్ పదింటికే ఆపేశారు. పడుకుంటే మొదట చెక్కలా తగిలింది, ఒంటి వేడికి మెల్లగా కరిగి అచ్చు పోసినట్టు ఒదిగింది. సుఖంగానే ఉంది కానీ, అటు నుంచి ఇటు తిరగాలంటే ఆ అచ్చులోంచి లేచి రావాలి. రాత్రంతా దొర్లే నాలాంటివాళ్లకు, ఉక్కపోసే గదిలో పడుకునేవాళ్లకు నేనైతే చెప్పను. దొర్లడానికి లేటెక్స్, అంటే రబ్బరు పరుపు మేలు, నొక్కితే వెంటనే తిరిగి లేస్తుంది.

ఇంటికొచ్చాక మొదటి పని, దుప్పటి తీసి మాప్ కర్రను పరుపుకు అడ్డంగా పెట్టాను. మావారి వైపు కర్ర కింద నా చెయ్యి దూరిపోయింది. ఇంకేముంది, టాపర్ వాదన అక్కడే ముగిసింది. ఇప్పుడు కొత్త పంచాయితీ. మధ్యస్థం కంటే కాస్త గట్టి పరుపు తీసుకుని, దానిమీద ఒకే మందం ఉన్న రెండు విడి టాపర్లు, ఆయన వైపు గట్టిది, నా వైపు మెత్తది వేద్దామని నా ప్రతిపాదన. మధ్యలో సందు పడుతుందని ఆయన గొడవ. ఆదివారం షాపుకు వెళ్తున్నాం. సేల్స్ అబ్బాయి ఎంత విసుక్కున్నా సరే, ఒక్కోదాని మీద పావుగంట పక్కకు తిరిగే పడుకుంటాను. నా దిండు ఇప్పటికే సంచిలో సర్దేశాను.