పాత హెడ్‌కు ఫేసింగా, కొత్త హెడ్డా?

విజయనగరంలో మా ఇంటి వాకిట్లోనే పాత డీజిల్ కారు ఇంజన్ హెడ్ (సిలిండర్లకు పైమూతలా ఉండే భాగం) విప్పినప్పుడు, దానికే లేత్ షాపులో ఫేసింగ్ (అడుగు ముఖాన్ని పలుచగా చెక్కి చదును చేయడం) చేయించడమా, కొత్తది కొని బిగించడమా అన్న ప్రశ్న ఎదురైంది. ఖర్చులో ఫేసింగే చవక. అందులో వాదన లేదు. అయితే డీజిల్ ఇంజన్లలో పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు వాల్వులకు మిగిలే ఎడం చాలా తక్కువ కనుక, హెడ్‌ను ఎక్కువగా చెక్కితే వాల్వు వెళ్లి పిస్టన్‌కు తగిలే ప్రమాదముంది. కొన్ని ఇంజన్లకు తయారీదారులే ఫేసింగ్ వద్దంటారు. స్టీలు బద్దను హెడ్ మీద ఐమూలగా నిలిపి, దాని కింద సందులు కొలిచే 0.05 మి.మీ. ఫీలర్ గేజి రేకును తోసి చూస్తే, మధ్య సిలిండర్ల దగ్గర అడ్డు లేకుండా దూరిపోయింది; అంటే అక్కడ హెడ్ వంగిందన్నమాట. పైగా వాల్వు సీట్ల నడుమ వెంట్రుకంత చీలిక కనబడింది. చీలికను ఫేసింగ్ మాన్పదు కదా! నేను కొత్తదానికే మొగ్గాను.

కొత్తదానితోనూ తిప్పలు లేకపోలేదు: ఖాళీ హెడ్ మాత్రమే కొంటే వాల్వులు, స్ప్రింగులు, క్యామ్‌షాఫ్ట్ పాతదాని నుంచి మార్చి, వాల్వు క్లియరెన్సులు (వాల్వులకూ వాటిని నొక్కే భాగాలకూ నడుమ సందులు) మళ్లీ సరిచూసుకోవాలి. ఏ దారి పట్టినా, పిస్టన్ సిలిండర్లుండే బ్లాకు మట్టం కంటే ఎంత పైకి వస్తుందో కొలిచి, హెడ్‌కూ బ్లాకుకూ నడుమ వేసే గాస్కెట్‌ను దానికి తగిన మందంలో ఎంచుకోవాలి. బిగింపులో సాగే రకం బోల్టులైతే కొత్తవే వేసి, మధ్య నుంచి అంచులకు విడతలుగా టార్క్ రెంచితో (బిగింపు బలాన్ని కొలిచే పానాతో) బిగించాలి.