లోహపు రైజరుకు లాంగ్‌బో లింబులు

ఐఎల్ఎఫ్ అమరిక (లింబులు మార్చుకునే ప్రామాణిక బిగింపు) ఉన్న 25 అంగుళాల అల్యూమినియం రైజరుకు, అంటే విల్లు మధ్యలో పిడి ఉండే భాగానికి, లాంగ్‌బో (కొనలు ముందుకు వంపు తిరగని విల్లు) లింబులు బిగించి వాడుతున్నాను. లింబులంటే రైజరుకు పైనా కిందా ఉండే వంగే భాగాలు. రికర్వ్ (కొనలు ముందుకు వంపు తిరిగిన విల్లు) లింబుల్లాగే టక్కున కూర్చున్నాయి. నాకు బాగా నచ్చింది నిశ్శబ్దం. రికర్వ్‌లో వింటినారి బాణం వదిలాక లింబు కొనల వంపు మీద పడి చప్పుడు చేస్తుంది. ఇక్కడ నారి కొనల దగ్గరి గాడుల్లో తప్ప ఎక్కడా తగలదు. బరువైన రైజరు చేతిదాకా వచ్చే అదురును తగ్గిస్తుంది. బాణం వేగం మాత్రం కాస్త తగ్గింది, దూరపు గురికి ఎత్తిపట్టక తప్పదు. లింబు బోల్టులు తిప్పి లాగే బరువును సుమారు 10 శాతం సవరించుకోవచ్చు. ఒంటి కర్ర విల్లుతో ఈ సుఖమెక్కడ! అన్నట్టు, లింబులు మార్చాక నారికీ పిడికీ మధ్య ఎడం మళ్లీ కొలిచి చూసుకోండి.