రంద మిషన్‌తో ఏడేళ్లు: కోతకు వంక లేదు, పట్టుతోనే పేచీ

ఈ మిషన్ ఏమిటో తెలియనివారు ఈ రాతను ఎలాగూ చదవరు. కాబట్టి మోటారు ఎంత, బ్లేడు ఎంత, బల్ల పొడవెంత అన్న లెక్కల జోలికి పోను. రంద పట్టడం, కోయడం, బెజ్జం వేయడం మూడూ ఒకే ఇనుప బల్ల మీద చేసే మిషన్ ఇది. 2018 దసరాకు ముందు చండూరు దగ్గర మా దుకాణంలోకి దించుకున్నాం. మొదటి ఏడాది దీన్ని పొగడని రోజు లేదు. అడిగినవారికల్లా కళ్లు మూసుకుని కొనమన్నాను. నా మాట మీద కొన్నవారు ఇద్దరున్నారు. ఆ మాటను ఇప్పుడు సగం వెనక్కి తీసుకుంటున్నాను. ఒక కన్నయినా తెరిచి, బెజ్జం వేసేటప్పుడు చెక్కతో పాటు జరిగే పక్కబల్ల మీద ఇచ్చిన బిగింపును చూసి కొనండి.

ఆ బిగింపు అంటే వంపు తిరిగిన ఒక ఇనుప చెయ్యి, దాని చివర ఒక మర, మర కింద రూపాయి బిళ్లంత పాదం. అంతే. ఎంత చెక్కనైనా ఆ ఒక్క పాదమే పైనుంచి నొక్కిపట్టాలి. కుర్చీ కాళ్లకు, కిటికీ పట్టీలకు అది చాలు. మొదటి ఏడాది మేము చేసినవన్నీ కిటికీలే కాబట్టి నాకు లోపం కనిపించలేదు. పొగడ్త అంతా ఆ కిటికీల పుణ్యం.

2020లో చెరువుగట్టు జాతర రోజులు. తెల్లవారి ఆరున్నరకు ఒక ఇంటికి దర్వాజ నిలబెట్టే ముహూర్తం ఉంది. గడప నాలుగున్నర అడుగుల టేకు, 6 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల మందం. ఎత్తితే 14 కిలోల దాకా తూగుతుంది. నిలువు చెక్కల కూసాలు, అంటే బెజ్జంలో దూరేలా కొసన సన్నగా చెక్కిన భాగాలు, దిగడానికి రెండు కొసల దగ్గర రెండు బెజ్జాలు వేయాలి. కొసన బెజ్జం వేయాలంటే మిగతా గడపలో మూడడుగులు బల్ల దాటి గాలిలో ఉంటుంది. మామూలుగా ఆ కొసను మా దగ్గర పనిచేసే కుర్రవాడు పట్టుకుని నిలబడేవాడు. ఆ రోజు వాడు జాతరకు వెళ్లాడు. ఒక్క గడపే కదా అనుకున్నాను.

మొదటి బెజ్జం చక్కగా వచ్చింది. చెక్కను తిప్పి, మరను ఇంకో చుట్టు బిగించి, రెండోదానికి దిగాను. సగం లోతుకు వెళ్లాక బయటి కొస మెల్లగా వాలింది, ఇటు కొస లేచింది. మర బిగుతుగానే ఉంది. కాని ఒకే చోట నొక్కిన చెక్క ఆ చోటును ఇరుసు చేసుకుని తిరుగుతుంది, తూగుతుంది. చిన్నపిల్లలు ఆడుకునే తూగుబల్ల కూడా చేసేది అదే. నేను మోటారు ఆపేలోపు బెజ్జం వేసే బిట్టు టప్పున విరిగింది. ఒక ముక్క వెనక రేకుల గోడకు తగిలింది, ఇంకో ముక్క చెక్కలోనే ఉండిపోయింది. గడప పై ముఖం మీద పోగు వెంట జానెడు చీలిక. మోత ఆగాక ముందు నా వేళ్లు లెక్కపెట్టుకున్నాను. పదీ ఉన్నాయి.

చీలికలో జిగురు పోసి, పైన పలుచని టేకు పట్టీ అతికి రంద పడితే ఎవరికీ తెలియదు. చేయాలనిపించలేదని కాదు, చేతులు రాలేదు. ఇంటివారికి ఫోను చేసి జరిగింది చెప్పాను. ఆ ఇంటి పెద్దావిడ ఫోను తీసుకుని, "గడపకు అతుకు వేసి లక్ష్మిని లోపలికి రమ్మంటామా అయ్యా?" అన్నారు. కోపంగా కూడా అనలేదు. దానికి నా దగ్గర జవాబు లేదు. రాత్రి తొమ్మిదింటికి నల్లగొండలో టింబర్ డిపో యజమానిని బతిమాలి తాళం తీయించి, ఇంకో చెక్కను ఆటోలో వేసుకుని వచ్చేసరికి పదకొండు దాటింది.

రంద వరకు మిషన్ మీదే పట్టాను. బెజ్జానికి మళ్లీ ఆ పక్కబల్ల ఎక్కించే ధైర్యం చాలలేదు. అప్పటికి నాన్న లేచి వచ్చాడు. దుకాణం వెనక ఆయన కాలం నాటి తుమ్మ మొద్దు ఒకటి ఉంది, దానికి అటూ ఇటూ దిగ్గొట్టిన కొయ్య మేకులున్నాయి. గడపను ఆ మేకుల మధ్య పడుకోబెట్టి, మిగిలిన సందులో ఒక కొస మందంగా, ఇంకో కొస పలుచగా వాలుగా చెక్కిన రెండు చెక్క చీలలను ఎదురెదురుగా దూర్చి, ఒకదాని తలమీద రెండు దెబ్బలు వేశాడు. ఆ పైన తన కాలు మోపాడు. ఇక ఉలి, సుత్తి. నేను సెల్లు దీపం పట్టుకుని కూర్చున్నాను. రెండున్నరకు పని ముగిసేదాకా గడప వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఆయన చెమట తుడుచుకుంటూ, "నీ మిషన్‌కు చేతులున్నాయి కాని కాళ్లు లేవురా" అని పడుకోవడానికి వెళ్లిపోయాడు. ముహూర్తానికి దర్వాజ నిలబడింది.

ఆ మాట అప్పుడే చెవికెక్కిందని చెబితే అబద్ధం. నాకు మిషన్ బుద్ధి ఎక్కువ. వీడియోలు చూసి, ముందు బిళ్ల బిగింపులు చేశాను. 60 మిల్లీమీటర్ల గుండ్రని చెక్క బిళ్ల, దానికి నడిమధ్యన కాకుండా పక్కకు జరిపి బోల్టు, తిప్పడానికి ఒక పిడి. తిప్పితే బిళ్ల అంచు చెక్కను అదుముతుంది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. బోల్టును 10 మిల్లీమీటర్లు పక్కకు జరిపాను, ఎక్కువ జరిపితే ఎక్కువ పట్టు అనుకుని. జరిగింది దానికి తలకిందులు. మోటారు అదురుకు పిడి దానంతట అదే మెల్లగా వెనక్కి తిరిగి ఊడింది. 4 మిల్లీమీటర్లకు తగ్గిస్తే ఊడలేదు. కాని అప్పుడు బిళ్ల మొత్తం తిరిగినా ముందుకు వచ్చేది 8 మిల్లీమీటర్లే. మన కోతమిల్లుల సంగతి తెలిసిందే కదా. మూడంగుళాలని తెచ్చిన చెక్క ఒకచోట మూడు, ఇంకోచోట రెండుముప్పావు. ప్రతి చెక్కకూ సందులో అట్టముక్కలు వెతుక్కోవలసి వచ్చింది. ఎర్ర పిడి ఉండే లీవరు క్లాంపులూ కొన్నాను. వాటిదీ అదే కథ, చెక్క మందం మారినప్పుడల్లా వాటి కింది బోల్టు సరిచేయాలి.

ఇవన్నీ అయ్యాక, రెండేళ్లు ఆలస్యంగా, నాన్న మొద్దు దగ్గరికే వెళ్లి కొలతలు తీసుకున్నాను.

ఇప్పుడు వాడుతున్న పట్టు ఇది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకలు రెండు అతికిన పీఠం. ఒక్క పలకతో చేసిన మొదటి పీఠం ఒక వానాకాలానికే వంగింది. అడుగున తుమ్మ పట్టీ, పక్కబల్ల గాడిలో సరిగ్గా కూర్చునేలా. వెనక మూడంగుళాల ఎత్తు అడ్డుగోడ, బిట్టు తోపును భరించేది అదే. ముందువైపు రెండు దిమ్మెలు, వాటి మధ్య బిట్టును పట్టి తిప్పే చక్ తగలకుండా అరచేయి వెడల్పు దారి. దిమ్మెకూ చెక్కకూ మధ్య జంట చీలలు. చీల వాలు 8 అంగుళాల పొడవుకు ఒక అంగుళం. ఆ వాలుకు దిగిన చీల అదురుకు వెనక్కి రాదు, వెనక నుంచి తడితేనే వస్తుంది. ఒక్క చీల పెడితే చెక్కను పక్కకు నెడుతుంది. ఎదురెదురుగా రెండు పెడితే బయటి అంచులు ఎప్పుడూ సమాంతరంగానే ఉంటాయి, కాబట్టి ఒత్తిడి నేరుగా పడుతుంది. చెక్క పావంగుళం తక్కువ వచ్చినా చీల ఇంకొంచెం లోపలికి వెళ్తుంది, అంతే.

చీలలు తుమ్మతో చేయండి. నేను ముందు టేకు ముక్కలతో చేశాను, దండిగా మిగులుతాయి కదా అని. టేకులో నూనె ఉంటుంది, ఒకదాని మీద ఒకటి జారిపోయాయి.

ఇక నాన్న చెప్పిన కాలు. బయటి కొస కింద ఒక స్టాండు పెట్టాను, పీఠంతో సమానమైన ఎత్తు. మొదట దాని మీద మామూలు పలక వేస్తే బల్ల జరిగినప్పుడల్లా చెక్క దాని మీద ఈడ్చుకుపోయింది. ఇప్పుడు పలక బదులు తిరిగే పీవీసీ పైపు ముక్క ఉంది, దానికి మైనం రాస్తాం. నిజం చెప్పాలంటే చీలల కన్నా ఈ స్టాండే ఎక్కువ పని చేస్తున్నదేమో. ఆ రాత్రి ఇది ఉండి ఉంటే కంపెనీ మర ఒక్కటే సరిపోయేదేమో కూడా. ఆ మరను పారేయలేదు. పైనుంచి తోడుగా ఇప్పటికీ అదే నొక్కుతుంది.

నేను ఊహించని లాభం ఒకటి జరిగింది. చుట్టుపక్కల గట్టుప్పల, పుట్టపాక వైపు అంతా నేత ఊళ్లు. నేతకు ముందు దారాన్ని మేకుల మధ్య అటూ ఇటూ చుట్టే చెక్కను ఆసు అంటారు. ఆ పనిని చేసే చింతకింది మల్లేశం గారి లక్ష్మీ ఆసు యంత్రం వచ్చాక చేతి ఆసు కోసం నా దగ్గరికి వచ్చేవారు బాగా తగ్గారు. అయినా ఒక అవ్వ పాత ఆసు విరిగిందని అర్ధచంద్రం లాంటి ఆ చెక్కను తెచ్చింది. దానిలో మేకుల బెజ్జాలన్నీ సమాన దూరంలో ఉండాలి. అదే పీఠం మీద ఒక పలకను నిలబెట్టి, వంపుకు కేంద్రమైన చోట బోల్టు వేసి, ఒక్కో మెట్టు తిప్పుతూ మేకుతో ఆపుతూ బెజ్జాలు వేశాను. గంటలో అయిపోయింది. చేత్తో గుర్తులు పెట్టి వేస్తే పూట పట్టేది. అవ్వ ఒక్కో మేకునూ వేలితో తడిమి చూసి, "పాతదాని కన్నా బాగుంది బిడ్డా" అంది. డబ్బు తీసుకోలేదు కాబట్టి ఆ మెప్పులో ఎంత నిజమో తెలియదు.

లోపాలు లేవా అంటే, చీలలతో పని నెమ్మది. ముప్పై కిటికీ చట్రాలు వరుసగా చేయాల్సిన రోజు ఆ తట్టడం విసుగు పుట్టిస్తుంది. కుర్రవాడు ఒకసారి గట్టిగా, ఒకసారి ఊరికే తడతాడు. ఆ పనికి లీవరు క్లాంపులే మేలు, డబ్బు వృథా అని పైన అన్నట్టు అనిపిస్తే అది సరికాదు. చీల అంచు నునుపు చేసిన ముఖం మీద నొక్కు వదులుతుంది, మధ్యలో సైకిల్ ట్యూబు ముక్క పెడుతున్నాను. రోజూ దెబ్బలు తిని అడ్డుగోడ మరలు నెలకోసారి వదులవుతాయి.

పట్టు ఎంత బాగున్నా తీర్చలేనిది ఇంకోటి ఉంది. నాలుగేళ్లు దాటాక పక్కబల్ల జారే దారిలోనే వదులు వచ్చింది. చెక్క కదలదు, బల్లే కదులుతుంది. ఇత్తడి రేకు ముక్కలు దూర్చి నడిపిస్తున్నాను. మొదట్లో ఆ బల్ల ఏనుగంత గట్టిదని అందరికీ చెప్పింది నేనే.

ఇప్పుడు మళ్లీ కొంటావా అని అడిగితే, నా పరిస్థితిలో కొంటాననే అంటాను. ఉన్నది ఒక్క గది, సింగిల్ ఫేజు కరెంటు, పని ఎక్కువగా దర్వాజలు. బెజ్జాలకు విడిగా ఇంకో మిషన్ పెట్టుకునే చోటుంటే దీని జోలికి వెళ్లేవాడిని కాదేమో. నా మాట మీద కొన్న ఇద్దరిలో ఒకాయన ప్లైవుడ్ అల్మారాలే చేస్తారు, ఏడాదికి ఒక్కసారి కూడా పక్కబల్ల ముట్టరు. ఆయనకు నా ఏడుపంతా వింతగా ఉంటుంది. రెండో ఆయన మొన్న వచ్చి నా పట్టును చూసి, అలాంటిదే చేసిమ్మన్నారు. చేసి తీసుకెళ్తే ఆయన బల్ల గాడిలో దిగలేదు. నాదానికన్నా రెండు మిల్లీమీటర్లు సన్నం. అదే కంపెనీ, అదే మోడలు. అక్కడే అడుగు పట్టీకి రంద పట్టి, కూర్చోబెట్టి వచ్చాను.