మెట్ల కిర్రుకి కార్పెట్ మీంచి కొట్టే, తల విరిగే స్క్రూలు: నాలుగు చలికాలాల తర్వాత నా మాట

మెట్లు కూడా అరుస్తాయని అమెరికా వచ్చేదాకా నాకు తెలియదు. సిమెంటు మెట్ల మీద పెరిగినవాణ్ణి, ఎంత గంతులేసి దిగినా చప్పుడు మన కాళ్ళదే గానీ మెట్టుది కాదు. న్యూజెర్సీలో మేం కొన్న ఇల్లు 1978లో కట్టింది. పదమూడు చెక్క మెట్లు, మీద మందపాటి కార్పెట్, అందులో ఐదు కిర్రుమనేవి. పగలు ఎవరికీ పట్టేది కాదు. హైదరాబాద్ టీమ్‌తో కాల్ ముగించుకుని రాత్రి పదకొండున్నరకి, లాప్‌టాప్ చంకలో పెట్టుకుని, గోడవారగా దొంగలా ఎక్కుతుంటే మూడో మెట్టు ‘కిర్ర్’ మనేది, వెంటనే పైన పది నెలల పాప ‘కేర్’ మనేది. ఆ రెండు చప్పుళ్ళ మధ్య నేను బతికిన టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

కార్పెట్ అంచు లేపి పౌడర్ చల్లడం వగైరా అన్నీ చేశాను. పదకొండు రోజులు పనిచేసింది, తర్వాత మామూలే. అప్పుడు కొన్నాను ఈ కిట్, కార్పెట్ తీయకుండా పైనుంచే స్క్రూ కొట్టి మెట్టు పలకని కింది దూలానికి బిగించేది. ఖరీదు నలుగురం ఒక పూట బయట తింటే అయ్యే బిల్లు కన్నా తక్కువే.

ఇందులో నాకు పిచ్చిగా నచ్చింది ఒకే ఒక్క విషయం, స్క్రూ విరగడం. స్క్రూ మెడ దగ్గర ముందే గాటు పెట్టి ఉంటుంది. మూడు కాళ్ళ పీట ఒకటి ఇస్తారు, దాన్ని కార్పెట్ మీద పెట్టి, మధ్య బెజ్జంలోంచి డ్రిల్లుతో స్క్రూ దించితే సరిగ్గా కావలసిన లోతులో తనే ఆగిపోతుంది. పీట పక్కనున్న గాడిలో స్క్రూ తలకాయ ఇరికించి అటూ ఇటూ ఊపితే ‘టక్’. తలకాయ మన చేతికొస్తుంది, మిగతాది చెక్కలోనే ఉండిపోతుంది, కార్పెట్ మీద చెయ్యి పెట్టి తడిమినా ఎక్కడ కొట్టామో తెలియదు. మొదటి రోజు పాప నిద్రపోతుందన్న ఆశ కన్నా ఆ ‘టక్’ కోసమే అవసరం లేని రెండు మెట్లకి కూడా కొట్టాను, ఒప్పుకుంటున్నాను. ఆ ఊపులోనే ఐదు స్టార్లు ఇచ్చేసి ‘ఇంతకు మించిన వస్తువు లేదు’ అని రాశాను.

ఆ మాట కొంచెం వెనక్కి తీసుకోవాలి.

మెట్టు పలకల్ని మోసే ఏటవాలు దూలాలు ఉంటాయి, ఇక్కడ స్ట్రింగర్ అంటారు. మా మెట్లకి మూడున్నాయి. స్క్రూ వాటిలోకి దిగితేనే పట్టు. కిట్‌లో సన్నటి బిట్ ఒకటి ఉంటుంది, ముందు దాంతో గుచ్చి చూడాలి, చివరిదాకా బిగువుగా దిగితే కింద దూలం ఉన్నట్టు, సగంలో గుబుక్కున జారిపోతే కింద ఖాళీ. నాలుగు మెట్లు పూర్తయ్యేసరికి నాకు వచ్చేసిందనుకుని ఐదోదానికి గుచ్చి చూడలేదు. స్క్రూ ఖాళీలోకి దిగి ఊరికే తిరుగుతోంది. సరే లాగేద్దామని ప్లయర్‌తో పట్టి ఊపాను, అది విరగాల్సిన చోట కాకుండా పలకకి పావంగుళం పైన విరిగింది. కార్పెట్ పోగుల్లో కనిపించలేదు, అంతా లోపలే ఉందనుకున్నాను. మూడు రోజుల తర్వాత పొద్దున్నే టీ పెట్టుకుందామని చెప్పుల్లేకుండా దిగుతుంటే అరికాల్లో దిగింది. "ఇదివరకు మెట్టు అరిస్తే పాప ఒక్కతే లేచేది, ఇప్పుడు నువ్వు అరిస్తే వీధంతా లేచింది" అంది మా ఆవిడ, టెటనస్ ఇంజెక్షన్‌కి తీసుకెళ్తూ. లేత రంగు కార్పెట్ మీద ఆ మరక ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

తప్పు నాదే, కిట్‌ది కాదు. కానీ పెట్టె మీది బొమ్మలు చూస్తే ఇలాంటిదొకటి జరగొచ్చని మాత్రం అనిపించదు.

రెండో చలికాలంలో హీటర్ వేయగానే ఏడో మెట్టు, తొమ్మిదో మెట్టు మళ్ళీ మొదలుపెట్టాయి. గాలి పొడిబారితే చెక్క కుంచించుకుపోతుంది, మేకుల చుట్టూ వదులవుతుంది. ఇంకో నాలుగు స్క్రూలు కొట్టాను, లాభం లేదు.

మరుసటి ఏడు మేలో అమ్మానాన్న వచ్చారు. నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు, బస్సులో చప్పుడు ఎక్కడిదో చెవితోనే పట్టేసేవారు. కానీ ఎండాకాలం గాలిలో తేమకి మెట్లన్నీ బుద్ధిగా ఉన్నాయి. "ఏదిరా నీ కిర్రు?" అని ఐదు నెలలు నన్ను ఏడిపించారు. అక్టోబర్ ఆఖర్లో హీటర్ వేశాం, నాలుగో రోజు రాత్రి తొమ్మిదో మెట్టు మోగింది. మర్నాడు పొద్దున్నే ఆయన మెట్ల కింది అల్మరాలోంచి బియ్యం బస్తాలు, ఆవకాయ జాడీలు, సూట్‌కేసులు బయట పెట్టించి టార్చితో లోపల కూర్చున్నారు. మా అదృష్టం, అక్కడ లోపలివైపు మూసేయకుండా వదిలేశారు, చెక్క కనిపిస్తుంది. "ఎక్కు. ఆగు. దిగు. మళ్ళీ ఎక్కు." ఇరవై సార్లు ఎక్కించి, చివరికి నన్ను కూడా లోపలికి పిలిచి చూపించారు. పలక వెనక అంచు, నిలువు చెక్క కలిసే చోట ఒక మేకు. మేకు మిగతా అంతా తుప్పు, చెక్కతో రాసుకునే ఆ కాస్త మేర మాత్రం వెండిలా మెరుస్తోంది. నేను అసలు దూలాల వైపే చూస్తున్నాను, చప్పుడు వాటిది కానే కాదు.

ఒకటిన్నర అంగుళాల చదరపు కర్రని అరడుగు ముక్కలుగా కోసి, వుడ్ గ్లూ పూసి, ఆ మూలల్లో ఆనించి, రెండంగుళాల స్క్రూలతో బిగించాం. అంతకన్నా పొడుగైతే పలక దాటి పైకి వస్తుందని నాన్న ఒక్కో స్క్రూనీ స్కేలు పెట్టి చూశారు, నా అరికాలి కథ విన్నారుగా మరి. గ్లూ ఆరేదాకా ఎక్కొద్దన్నారని ఆ రాత్రి అందరం హాల్లోనే పడుకున్నాం. తర్వాత రెండు చలికాలాలు గడిచాయి, ఆ రెండు మెట్లూ నోరెత్తలేదు.

కాబట్టి కొనాలా వద్దా అంటే, మీ ఇంటిని బట్టి. మెట్ల కింద చేరడానికి దారి ఉంటే ముందు కిందనుంచి చూడండి, కిట్ అక్కర్లేకపోవచ్చు. దారి లేదు, కార్పెట్ పీకే ఓపిక లేదు అంటే ఇదే గతి, నాకు మిగతా మూడు మెట్లు ఇప్పటికీ నోరెత్తకపోవడం దీని పుణ్యమే. ఉచ్చుల్లా అల్లిన రకం కార్పెట్ అయితే మాత్రం స్క్రూకి పోగు చుట్టుకుని వరస మొత్తం ఊడొచ్చే ప్రమాదం ఉంది, మాది ఆ రకం కాదు గనక బతికిపోయాం. చలికాలంలో గాలికి తేమ పట్టించే హ్యుమిడిఫయర్ కూడా నడుపుతున్నాం, మెట్లు అరవకపోవడంలో దాని వాటా ఎంతో విడదీసి చెప్పలేను. ఇప్పుడు నాలుగు స్టార్లు ఇస్తాను. పాప రాత్రుళ్ళు లేవడం మానేసే వయసొచ్చింది, అప్పుడే అడిగుంటే ఐదే అనేవాణ్ణి.

మిగిలిన పదకొండు స్క్రూలు, పీట, పోయిన నెల పక్కింటివాళ్ళకి ఇచ్చాను, గుచ్చి చూసే సన్న బిట్‌ని విడిగా కవర్లో పెట్టి.