డిస్క్ పెద్దది చేస్తే మోటార్ అలిగింది

రెండేళ్లుగా నా ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్‌కి 203 మి.మీ. బ్రేక్ డిస్కులు ఉన్నాయి. అంతకుముందు ముందూ వెనకా 180లే. ఇప్పుడు ఎంత పొడవు దిగుడు దిగినా సాయంత్రానికి వేళ్లు పీకడం లేదు. నాకు ఆ ఒక్కటే చాలు. మిగతావన్నీ దాని తర్వాతే.

బైక్ 24 కిలోలు, నేను 76. కలిపితే సరిగ్గా ఒక క్వింటాల్. 300 మీటర్ల ఎత్తు నుంచి బ్రేకులు పట్టుకుంటూ దిగితే, ముప్పావు లీటరు నీళ్లు మరిగించేంత వేడి ఆ రెండు పలుచని రేకుల్లోకి పోతుంది. మోటార్ కాస్త ఆపుతుందిలే అని మొదట్లో నేనూ అనుకున్నాను. పెడల్స్ దగ్గరుండే మోటార్‌కి ఆ పని చేతకాదు, ఫ్రీవీల్ దాన్ని చక్రం నుంచి వదిలేస్తుంది. ఓ రోజు దిగుడు చివర్లో వెనక బ్రేక్ లివర్ మెత్తబడి హ్యాండిల్ దాకా వచ్చేసింది. కాలిన వాసన. దిగి చూస్తే డిస్క్ ఆకులు నీలం రంగు తేలాయి. డిస్క్‌ని నొక్కిపట్టే ప్యాడ్లు ఊడదీసి చూశాను, అద్దంలా మెరుస్తున్నాయి. ఇక ఆగలేదు.

ముందు చక్రం అరగంట పని. ఒక్క జాగ్రత్త: కాలిపర్‌ని, అంటే ప్యాడ్లు ఉండే భాగాన్ని, డిస్క్ సైజుకి తగ్గ ఎత్తులో నిలిపే అడాప్టర్లు 200కీ 203కీ వేరు. 203 అడాప్టర్ మీద 200 డిస్క్ వేస్తే ప్యాడ్ పైఅంచు ఒకటిన్నర మిల్లీమీటరు గాల్లోకి పోతుంది. ఆ కాస్తా అరగకుండా గట్టులా మిగిలిపోతుంది. నా ఫోర్క్ కంపెనీ 203 వరకే ఒప్పుకుంటుంది కాబట్టి 220 మోజు అక్కడే ఆగింది.

అసలు కథ వెనక చక్రానిది. పాత డిస్క్ తీశాను, కొత్తది బిగించాను, కాలిపర్ సరిచూసుకున్నాను. చక్రం తిప్పితే ఎక్కడా రాపిడి లేదు. ఖాళీ రోడ్డు మీద పాతిక, ముప్పై సార్లు వేగం తగ్గిస్తూ కొత్త ప్యాడ్లు డిస్క్‌కి కుదిరేలా చేశాను. అదంతా మోటార్ ఆపేసి చేశాను, అదే కొంప ముంచింది. మర్నాడు కొండెక్కుదామని మోటార్ ఆన్ చేస్తే, నాలుగు తొక్కుల తర్వాత అసిస్ట్, అంటే మోటార్ సాయం, చచ్చుబడిపోయింది. స్క్రీన్ మీద స్పీడ్ 0. పక్కన హెచ్చరిక గుర్తు. ఆపి మళ్లీ ఆన్ చేశాను, మళ్లీ అదే నాలుగు తొక్కులు. బ్యాటరీ తీసి పెట్టాను. వైర్లు కదిపాను. నీళ్లు పోయాయేమో, మోటార్ పోయిందేమో అని టెన్షన్. 24 కిలోల బైక్‌ని సొంత కాళ్లతో ఇంటికి తొక్కుకొచ్చాను. బ్రేకులు మాత్రం అద్భుతంగా పనిచేస్తున్నాయి, ఆపడానికి వేగమే లేదు.

ఆ సాయంత్రం పనిముట్లు సర్దుతూ పాత డిస్క్ చేతిలోకి తీసుకుంటే, దాంతో పాటు ఒక అల్లెన్ బోల్ట్ కూడా లేచి వచ్చింది. విదిలించినా పడలేదు. డిస్క్ మధ్యభాగంలో గోరంత నల్లటి ముక్క ఒకటి ఉంది, బోల్ట్ దాన్నే పట్టుకుని వేలాడుతోంది. మాగ్నెట్! నా బైక్‌లో స్పీడ్ సెన్సర్ ఫ్రేమ్ వెనక, ఇరుసు పక్కన దాక్కుని ఉంటుంది. చక్రం తిరుగుతోందో లేదో అది ఈ ముక్క చూసే తెలుసుకుంటుంది. నేను కొన్న డిస్క్‌లో అది లేదు. చక్రం తిరగడం లేదని మోటార్ లెక్క వేసుకుని అలిగి కూర్చుంది. కొన్ని బైకులకి మాగ్నెట్ చక్రం ఆకుకో రిమ్ముకో ఉంటుంది, వాళ్లకి ఈ బాధ లేదు. వెనక డిస్క్ కొనేముందు పాతదాని మీద ఓ బోల్ట్ ఆనించి చూడండి.

మాగ్నెట్ ఉన్న 203 డిస్క్ రావడానికి పది రోజులు పట్టింది. అందాకా వెనక పాత 180నే మళ్లీ బిగించి, ముందు 203తో తిరిగాను. చెప్పుకోవడానికి కాస్త సిగ్గుగా ఉంది గానీ, ఆ పది రోజుల్లో చిన్న దిగుళ్ల మీద నాకు లోటేమీ అనిపించలేదు. పొడవైన దిగుడు మీద మాత్రం వెనక బ్రేక్ మళ్లీ వేడెక్కింది, దాన్ని లాగిపట్టే అలవాటు నాకుంది మరి. అలవాటు మార్చుకోవడం కంటే డిస్క్ మార్చుకోవడం తేలిక అనిపించింది.

వేసిన కొత్తలో కనపడ్డ వాళ్లందరికీ బ్రేకుల బలం రెట్టింపైందని చెప్పాను. అది కొంచెం ఎక్కువే. 180 నుంచి 203కి పెరిగితే అదే పట్టుకి దక్కే అదనపు బలం 13 శాతం దాకా, అంతే. మిగతా ఘనత కొత్త ప్యాడ్లది. అద్దంలా మారిన పాతవాటితో పోలిస్తే ఏ డిస్కయినా గొప్పగానే ఉంటుంది. డిస్క్ మేలు వేడి దగ్గర తెలుస్తుంది: దిగుడు మొదట్లో లివర్ ఎలా ఉందో చివర్లోనూ అలాగే ఉంటుంది. వేళ్ల నొప్పి పోయింది కూడా అందుకే అనుకుంటున్నాను.

ఇబ్బందులూ లేకపోలేదు. వదులు మట్టి మీద మొదటి వారమంతా వెనక చక్రం ఊరికే లాక్ అయి జారేది. తడిసినప్పుడు ముందు డిస్క్ కీచుమంటుంది, రెండేళ్లయినా మానలేదు. పెద్ద డిస్క్ తేలిగ్గా వంగుతుంది కూడా. కారులో పడుకోబెట్టి తెచ్చినప్పుడల్లా ఎక్కడో సన్నగా రాసుకుంటుంది, వేళ్లతో సరిచేసుకోవాలి. సింటర్డ్ (లోహపు పొడితో చేసిన) ప్యాడ్లు వేద్దామనుకునేవాళ్లు డిస్క్ మీద రెజిన్ (మెత్తటి రకం) ప్యాడ్లకు మాత్రమే అని రాసి ఉందేమో చూసుకోండి. ఏడాది తర్వాత, ప్యాడ్లని నెట్టే పిస్టన్లు నాలుగేసి ఉన్న కాలిపర్లు కూడా వేశాను. బాగున్నాయి, పట్టు ఇంకా బాగా నా మాట వింటోంది. కానీ రెండింట్లో ఒకటే కొనగలిగితే నేను డిస్కే కొంటాను. నా కంటే బాగా తేలికైనవాళ్లు, చిన్న దిగుళ్లకే వెళ్లేవాళ్లు ముందు చక్రం డిస్క్ ఒక్కటే మార్చి చూడొచ్చు. వంద కిలోల మనిషి మాత్రం నా మాట పట్టుకుని వెనక 180 ఉంచుకోవద్దు.

మొన్న కొలిస్తే 1.8 మి.మీ. మందం ఉండాల్సిన ముందు డిస్క్ 1.6కి వచ్చింది. 1.5 దగ్గర మార్చాలని దాని మీదే చెక్కి ఉంది. ముందుకి మళ్లీ 203నే తెప్పిస్తాను. వెనక సంగతి ఇంకా తేల్చుకోలేదు. పాత 180 పనిముట్ల పెట్టెలోనే ఉంది, దానికి రెండు బోల్టులు అంటుకుని.