కూర్చునే పనా, నిలబడే పనా: ఏది మేలు?

బరంపురం బడా బజారులో ఏ బట్టల కొట్టుకెళ్లినా రెండు రకాల నొప్పులు కనిపిస్తాయి. పొద్దున పదింటికి గల్లా పెట్టె దగ్గర కూర్చున్న సావుకారు రాత్రి తొమ్మిదింటికి నడుం పట్టుకుని లేస్తాడు. చీరల మడతలు విప్పి చూపించే అమ్మాయి అంతసేపూ నిలబడే ఉంటుంది. బేరం లేనప్పుడు గోడకు ఆనుకుని, బరువంతా ఒక కాలి మీద వేసి, కాసేపటికి రెండో కాలికి మార్చుకుంటుంది. "మీకేం సావుకారుగారూ, కూచునే పని" అని ఆమె అంటే, "నీకేం తల్లీ, నీకు షుగర్ రాదు" అని ఆయన అంటాడు. ఇలాంటి కొట్లకు లెక్కలు రాసేవాణ్ణి కాబట్టి నేనూ కుర్చీ పార్టీయే. అయినా చెబుతున్నా, ఇద్దరి మాటా సగమే నిజం.

సావుకారు భయంలో అర్థముంది. గంటల తరబడి కూర్చుంటే పిక్కలు, తొడలు పని మానేస్తాయి. నెత్తుటిలోని చక్కెరను ఎక్కువగా వాడుకునేవి ఆ పెద్ద కండరాలే. మధ్యాహ్నం అన్నం తినేసి వచ్చి మళ్లీ అదే సీట్లో కూర్చుంటే ఆ చక్కెర ఖర్చు కాక నెత్తుట్లోనే తిరుగుతుంది. కాళ్లలోని నెత్తురు పైకి రావడానికీ పిక్కల కదలికే ఆధారం. అందుకే సాయంత్రానికి పాదాలు ఉబ్బి చెప్పులు బిగుతవుతాయి.

1953లో జెరీ మోరిస్ అనే బ్రిటిష్ డాక్టరు లండన్ డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బంది లెక్కలు ప్రచురించాడు. రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్ల కంటే సీటు వదలని డ్రైవర్లకే గుండెజబ్బు ఎక్కువని తేలింది. మన ఇచ్ఛాపురం బస్సుకు పై అంతస్తు లేదు, కండక్టరు కూడా వీలు దొరికితే ముందు సీట్లో కూర్చునే టికెట్లు కొడతాడు. ఆ లాభం ఆయనకు దక్కదనుకోండి.

అలాగని లేచి నిలబడితే సరిపోతుందా? హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగాలు చేసే పిల్లలు ఇక్కడి తండ్రులకు ఫోన్ చేసి "స్టాండింగ్ డెస్క్ కొనుక్కో నాన్నా" అంటున్నారు. నేనైతే ఆ డబ్బు దండగంటాను. 65 కిలోల మనిషి రోజుకు ఆరు గంటలు కూర్చునే బదులు నిలబడితే అదనంగా ఖర్చయ్యేది 54 కేలరీలట. అంటే సుమారుగా ఒక ఇడ్లీ.

గుండె సంగతి ఇంకా అన్యాయం. కెనడాలోని ఒంటారియోలో సుమారు 7,300 మంది ఉద్యోగులను 12 ఏళ్లపాటు గమనించి 2018లో ఫలితాలు ప్రకటించారు. ఎక్కువసేపు కూర్చునే ఉద్యోగాల వాళ్లతో పోలిస్తే, ఎక్కువసేపు నిలబడే ఉద్యోగాల వాళ్లకు గుండెజబ్బు ముప్పు దాదాపు రెట్టింపు. 2024లో బ్రిటన్‌లో 83,000 మంది మీద వచ్చిన అధ్యయనం కూడా నిలబడినంత మాత్రాన గుండెకు మేలు లేదంది. పైగా రోజుకు రెండు గంటలు దాటి నిలబడేకొద్దీ కాళ్ల నరాలు ఉబ్బడం లాంటి సమస్యలు పెరుగుతాయంది. ఆ సేల్స్ అమ్మాయి పిక్కల మీద ఆకుపచ్చగా తేలే నరాలను ఇంట్లోవాళ్లు అలసట అనుకుని జండూబామ్ రాస్తారు. కొట్లలో పనిచేసేవాళ్లకు కూర్చునే హక్కు కల్పిస్తూ కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం సవరించుకున్నాయి. ఒక స్టూలు వేయించడానికి చట్టం కావలసి రావడం సిగ్గుచేటు. మన సావుకార్లు ఆ సిగ్గు దాకా తెచ్చుకోకుండా రేపే రెండు స్టూళ్లు వేయించవచ్చు.

బరంపురం పట్టు నేసే దేవాంగుల ఇళ్లలో గుంట మగ్గం చూడండి. నేతగాడు రోజంతా కూర్చునే ఉంటాడు, కానీ గుంటలోని చెక్కలను కాళ్లు తొక్కుతూనే ఉంటాయి. నా కుర్చీ కంటే ఆ మగ్గం పిక్కలకు నయం. అయితే మెడ, నడుం వంగి బిగుసుకుపోతాయి కాబట్టి ఆయన బాధ అక్కడ. ఏ భాగం కదలకుండా ఉంటే ఆ భాగానికే దెబ్బ.

కాబట్టి అసలు పోటీ కుర్చీకీ నిలబడడానికీ కాదు. రోజూ గంట నడవడమా, అరగంటకోసారి లేవడమా అన్నదే.

2016లో పది లక్షల మందికి పైగా జనం వివరాలు కలిపి లాన్సెట్ పత్రికలో ఒక విశ్లేషణ వచ్చింది. రోజుకు 60 నుంచి 75 నిమిషాలు ఓ మోస్తరు వేగంగా నడిచేవాళ్లలో, ఎనిమిది గంటలకు పైగా కూర్చోవడం వల్ల పెరిగే అకాల మరణ ముప్పు దాదాపు కనిపించలేదు. రెండో వైపు 2023లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్ల ప్రయోగం. అరగంటకోసారి అయిదు నిమిషాలు నడిస్తే భోజనం తర్వాత చక్కెర పెరుగుదల 58 శాతం తగ్గింది, బీపీ కూడా నాలుగైదు పాయింట్లు దిగింది. గంటకోసారి లేచినవాళ్లకు చక్కెర విషయంలో లాభం కనిపించలేదు. కానీ ఆ ప్రయోగంలో పాల్గొన్నది 11 మందే.

పది లక్షలా, పదకొండా అంటే నా ఓటు గంట నడకకే. పైగా దసరా బేరాల్లో అరగంటకోసారి గల్లా వదిలి లేచే సావుకారు ఈ ఊళ్లో పుట్టలేదు. చిక్కల్లా ఒకటే, రామలింగేశ్వర చెరువు చుట్టూ పొద్దున్నే తిరిగేవాళ్లలో సగం మంది నడిచేది అరగంట, టీ కొట్టు దగ్గర కబుర్లు ముప్పావుగంట.

గంట దొరకనివాళ్లు దాన్ని ముక్కలు చేసుకోవచ్చు. న్యూజిలాండ్‌లో 41 మంది షుగర్ రోగులతో చేసిన ప్రయోగం 2016లో వెలువడింది. ఏదో ఒక వేళ ఒకేసారి 30 నిమిషాలు నడవడం కంటే ప్రతి భోజనం తర్వాత పదేసి నిమిషాలు నడిస్తే భోజనానంతర చక్కెర సగటున 12 శాతం తక్కువ వచ్చింది. రాత్రి భోజనం తర్వాతైతే 22 శాతం. కొట్టు కట్టేసి తొమ్మిదిన్నరకు అన్నం తిని పదింటికి పడుకునే మన బజారు వాళ్లకు ఇంతకంటే పనికొచ్చే లెక్క లేదు. చెయ్యి కడుక్కున్నాక టీవీ ముందు కూర్చోకుండా వీధి చివరిదాకా రెండుసార్లు వెళ్లి రావడమే. ఇన్సులిన్ గానీ షుగర్ మాత్రలు గానీ వాడేవాళ్లు మాత్రం కొత్తగా మొదలుపెట్టే ముందు డాక్టరుకు చెప్పాలి, చక్కెర మరీ పడిపోయే వీలుంది. పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు వీధే కదా అని ఉత్త కాళ్లతో బయలుదేరకూడదు.