అవతలి పక్షం మాట వినిపించే పుస్తకం: ‘ది నాగ్ హమ్మాదీ లైబ్రరీ ఇన్ ఇంగ్లీష్’

గుంటూరు లూథరన్ సంఘంలో పుట్టి పెరిగినదాన్ని. మా నాన్న ఉపదేశి. నేను కూడా 20 ఏళ్లకు పైగా ఆదివారపు బడిలో పిల్లలకు పాఠాలు చెప్పాను. జ్ఞానవాదులు (రహస్య జ్ఞానం వల్లే రక్షణ అని నమ్మిన తొలి శతాబ్దాల క్రైస్తవ వర్గాలవారు) అన్న మాట మొదట నాన్న నోటనే విన్నాను. జ్ఞానమని అబద్ధంగా పేరు పెట్టుకున్న వాదాలకు దూరంగా ఉండమని తిమోతికి రాసిన మొదటి పత్రిక చివర్లో ఒక హెచ్చరిక ఉంది. అది వివరిస్తూ ఆయన, “వాళ్లను ఖండించినవారి మాటలే మనకు మిగిలాయమ్మా, వాళ్ల మాట వినలేదు” అన్నారు. ఆ మాట నాలో ఉండిపోయింది. నిరుడు హైదరాబాదులో, ఆబిడ్స్ ఆదివారం పాత పుస్తకాల్లో వాళ్ల సొంత రచనలున్న ఈ సంపుటి 1988 ముద్రణ కనిపించింది. 400 రూపాయలు అడిగితే బేరమాడకుండా ఇచ్చి తెచ్చుకున్నాను.

సంపాదకుడు జేమ్స్ ఎం. రాబిన్సన్. మొదటి ముద్రణ 1977లో వచ్చింది. ఇందులోని రచనలు బయటపడింది 1945 డిసెంబరులో, ఎగువ ఈజిప్టులోని నాగ్ హమ్మాదీ దగ్గర. కొండ కింద ఎరువు మట్టి తవ్వుకుంటున్న రైతులకు ఒక జాడీ దొరికింది. దాన్నిండా తోలు అట్టల పపైరస్ పుస్తకాలు. విడి ఆకులుగా మిగిలినదాన్ని కూడా కలుపుకుంటే మొత్తం 13, వాటిలో 52 రచనలు. గ్రీకు నుంచి ఈజిప్టు క్రైస్తవుల పాత భాష కాప్టిక్‌లోకి వచ్చిన 4వ శతాబ్దపు ప్రతులవి. రాబిన్సన్ సేకరించిన కథనం ప్రకారం, ఇంటికి తెచ్చిన ఆకుల్లో కొన్ని పొయ్యిలో వంటచెరకుతో పాటు కాలిపోయాయి. అది చదివాక కాసేపు పేజీ తిప్పలేకపోయాను. అంతవరకు లోకానికి జ్ఞానవాదుల గురించి తెలిసినదానిలో ఎక్కువ భాగం, క్రీ.శ. 180 ప్రాంతంలో లియోన్ బిషప్ ఇరేనియస్ రాసినటువంటి ఖండన గ్రంథాల నుంచి వచ్చిందే.

కొనేవారికి ఒక మాట. మొదటి పేజీ నుంచి వరసగా చదవకండి. మొదటి పుస్తకంలోని ‘మూడు భాగాల గ్రంథం’ దగ్గర నేను మూడు వారాలు ఆగిపోయాను. రెండో పుస్తకంలో ఉన్న తోమా సువార్తతో మొదలుపెట్టండి. జననం, సిలువ, పునరుత్థానం, వీటి కథ ఏదీ ఇందులో లేదు. ఉన్నవి ప్రభువు పలికినట్టుగా 114 వచనాలు, అంతే. విత్తువాడు, ఆవగింజ మన సువార్తల్లో ఉన్నవే. 97వ వచనం మాత్రం నేను ఎన్నడూ విననిది. ఒక స్త్రీ పిండి నింపిన జాడీ మోసుకుంటూ దూరపు దారిన నడుస్తోంది. జాడీ పిడి విరిగి, పిండి ఆమె వెనక దారి పొడవునా రాలిపోతుంది. ఆమెకు తెలియదు. ఇంటికి వచ్చి జాడీ దించితే ఖాళీ. తండ్రి రాజ్యం అలాంటిదట. వివరణ ఏమీ లేదు. మిల్లులో పిండి పట్టించుకుని సంచి ఎత్తుకుని వచ్చే మా వీధి ఆడవాళ్లను చూసినప్పుడల్లా ఈ వచనం గుర్తొస్తోంది.

తోమాలో జ్ఞానవాదుల సృష్టి కథ లేదు. అది కావాలంటే ఇదే సంపుటిలోని యోహాను రహస్య గ్రంథం చదవాలి. అక్కడ నాకు గుండె దడ వచ్చింది. సోఫియా అనే దివ్యశక్తి తన జత లేకుండా, పరమాత్మ సమ్మతి లేకుండా కన్న యాల్దబావోతు సింహం ముఖమున్న సర్పం. ఈ లోకాన్ని చేసింది అతడే. నేను రోషముగల దేవుడను, నేను తప్ప వేరొకడు లేడు అంటాడు. వేరొకడు లేకపోతే ఎవరి మీద రోషం, అని అడుగుతుంది ఆ గ్రంథం. నిర్గమకాండంలోని మాటనే తీసుకుని దాని మీదే తిరగబడటం అది. నేను దీన్ని అంగీకరించను. సృష్టిని మంచిదన్న ఆదికాండమే నా విశ్వాసం. కానీ ఇరేనియస్ ఎందుకంత మండిపడ్డాడో ఇప్పుడు తెలిసింది. అవతలివారు కూడా లేఖనాన్ని ఎంత దగ్గరగా చదివారో కూడా తెలిసింది. జ్ఞానవాద గురువు వాలెంటినస్ క్రీ.శ. 140 ప్రాంతంలో రోములో, సంఘం మధ్యనే ఉండి బోధించాడు. ఇరుపక్షాలూ ఒకే పౌలును, ఒకే యోహాను సువార్తను చదివేవి. సరిహద్దు గీత అప్పటికింకా గట్టిపడలేదు.

గ్రీకు ‘గ్నోసిస్’, మన ‘జ్ఞానం’ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు. అంతమాత్రాన దీన్ని వేదాంతంతో కలిపేయకండి. అజ్ఞాని అయిన సృష్టికర్త మీద ఇంత తిరుగుబాటు అద్వైతంలో లేదు.

లోపాలూ చెప్పాలి. ప్రతి రచనకూ చిన్న పరిచయమే ఉంది, వివరణలు దాదాపు లేవు; పక్కన బైబిలు పెట్టుకోక తప్పదు. అనువాదకులు అనేకమంది కావడంతో ఒకే పదం ఒక్కోచోట ఒక్కోలా కనిపిస్తుంది. అయితే పపైరస్ చిరిగిన ప్రతిచోటా చతురస్ర బ్రాకెట్లు పెట్టి, పోయినదాన్ని పోయిందని చూపించారు. ఆ నిజాయితీకి చేతులెత్తి మొక్కాను.

వేరే ప్రతి నుంచి ఇందులో చేర్చిన మరియ సువార్తలో ఆ పోయిన భాగాల లోటు మరీ బాధ పెడుతుంది. మొదటి ఆరు పేజీలు లేవు. తాను చూసిన దర్శనం మరియ చెప్పడం మొదలుపెట్టాక మళ్లీ నాలుగు పేజీలు లేవు. తర్వాత పేతురు ఆమె మాట నమ్మడు, ఆమె ఏడుస్తుంది, లేవి ఆమె పక్షాన నిలబడతాడు. ఆ నాలుగు పేజీల చోట నా ప్రతిలో ఒక తెల్ల కాగితం మడిచి పెట్టుకున్నాను.